కాగితానికో చిల్లు, జేబుకో చిల్లు

పూర్తి ధర పెట్టి కొత్త వస్తువు కొనే మగవాణ్ణి చూస్తే నాకు మొదటినుంచీ జాలి. ఎవరో కొని, పెట్టె విప్పి, నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకుని తిప్పి పంపేస్తారు. కంపెనీవాడు దాన్ని తుడిచి, సరిచూసి, ధర తగ్గించి మళ్ళీ అమ్మకానికి పెడతాడు. డబ్బు మిగులుతుంటే కాదనడమెందుకు? డల్లాస్ శివార్లలో మా సంసారం ఈ సిద్ధాంతం మీదే నడుస్తోంది. మా ల్యాప్‌టాప్ రీఫర్బిష్డ్. వాక్యూమ్ క్లీనర్ రీఫర్బిష్డ్. ప్రింటరూ, కాఫీ మెషీనూ, నేను చెవుల్లో పెట్టుకునేవీ అంతే. చెవుల్లోవాటిని మాత్రం చచ్చినా ముట్టుకోనని మా ఆవిడ ఒట్టు పెట్టుకుంది. ఈ ఇంట్లో ఫస్ట్‌హ్యాండ్ వస్తువంటూ ఉంటే అది తన మంగళసూత్రం ఒక్కటేనని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. "అప్పట్లో ఈయనకి క్రెడిట్ కార్డు లేదు కాబట్టి బతికిపోయాను" అని దానికో తోక కూడా తగిలిస్తుంది.

కనక నేను రైఫిల్ స్కోపు ఆర్డరు పెట్టానని తెలిసినప్పుడు ఆవిడేమీ ఉలిక్కిపడలేదు. అది రీఫర్బిష్డ్ అన్నప్పుడు తల కూడా ఎత్తలేదు. కందిపప్పు ఏరుకుంటూ ఒకే ఒక్క మాట అడిగింది.

"రైఫిలేదండీ?"

రైఫిలు లేదు. ఆ లేకపోవడానికి వెనక పెద్ద తర్కమే ఉంది. అమెరికాలో లైసెన్సున్న దుకాణంలో తుపాకీ కొనాలంటే 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి. మన పేరు రికార్డుల్లో ఉందేమోనని వెతుకుతారు. స్కోపుకి ఆ గొడవేమీ లేదు, కార్డు గీకితే ఇంటికొస్తుంది. పైగా మా ఇంట్లోకి తుపాకీ రావాలంటే ఇంకో ఫారం కూడా నింపాలి. అది మా ఆవిడ జారీ చెయ్యాల్సింది. ఇంతవరకూ అచ్చు కాలేదు.

నన్ను ఈ దారి పట్టించింది మా ఆఫీసులో ఓ పెద్దాయన. టెక్సాస్‌లోనే పుట్టి పెరిగినవాడు. నవంబరు వచ్చిందంటే జింకల వేటకి వెళ్తాడు. నేను పుట్టు శాకాహారిని, దోమని కొట్టినా ఓ క్షణం బాధపడే రకం. కాగితం మీద కాల్చుకోవడానికి అభ్యంతరం లేదు కదా అని ఓ శనివారం షూటింగ్ రేంజికి తీసుకెళ్ళాడు. వాళ్ళ నాన్న వాడిన రైఫిలు మీద పాత వీవర్ కె4 స్కోపుంది. వీవర్ అనే ఆయన 1930లో స్కోపులు చెయ్యడం మొదలుపెట్టి, తరవాత మకాం మా టెక్సాస్‌లోని ఎల్ పాసోకి మార్చాడు. మామూలు సంసారి కొనగలిగే ధరకి స్కోపు తెచ్చినవాడని ఇక్కడి ముసలాళ్ళు ఆయన పేరు ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. కె4 అంటే నాలుగు రెట్లు దగ్గరగా చూపించేది. అంతే, ఇంకే హంగూ లేదు. దాంట్లోంచి చూస్తే వంద గజాల దూరంలోని నల్లటి చుక్క నా దగ్గరికి నడిచొచ్చి నిలబడింది. నడివయసులో మగవాడి దగ్గరికి ఏదైనా తనంతట తాను నడిచి రావడం అరుదు. నాకు కళ్ళు చెమర్చాయి. పెద్దాయన జాలిపడి, "నా దగ్గర వాడని .22 రైఫిలు ఒకటుంది. స్కోపు కొనుక్కుని తెచ్చుకుంటే దాని మీద బిగించుకో. రైఫిలు నా ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ధరలు చూస్తూ కూర్చున్నాను.

ధరల కన్నా ముందు అంకెలు మనిషిని పాడుచేస్తాయి. స్కోపు మీద 3-9x40 అని ఉంటే మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా దగ్గర చేస్తుందనీ, ముందున్న కటకం వెడల్పు 40 మిల్లీమీటర్లనీ అర్థం. అమెరికాలో సగం పల్లెలు దీనితోనే బతికేస్తాయి. నా కన్ను మాత్రం 6-24x50 మీద పడింది. అంకె పెద్దదైతే వస్తువు గొప్పదని నమ్మే జాతి నాది. చిన్నప్పటినుంచీ మార్కుల జాబితాలు చూసి పెరిగాం కదా. పెద్దాయన అడ్డం పడ్డాడు. ముందు కటకం వెడల్పుని రెట్లతో భాగిస్తే కంటికి అందే వెలుతురు కట్ట మందం వస్తుందట. 40ని 4తో భాగిస్తే 10 మిల్లీమీటర్లు. 50ని 24తో భాగిస్తే మిగిలేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. మసక వెలుతురులో నా కంటిపాప అంతకు రెట్టింపు విచ్చుకుని ఎదురుచూస్తుంటే, ఆ సన్నటి కట్ట దానికి ఏ మూలకి? పైగా 24 రెట్ల దగ్గర లక్ష్యంతో పాటు మన వణుకూ 24 రెట్లవుతుంది. టెక్సాస్ ఎండలో నేలమీంచి లేచే వేడి సెగకి చుక్క కాస్తా నీళ్ళలో పడ్డట్టు ఊగుతుంది. చివరికి 3-9x40 మీద రాజీపడ్డాను. కొత్తది 400 డాలర్లు. అదే మోడలు, తయారు చేసినవాళ్ళే సరిచూసి అమ్మేది 270. నూట ముప్పై మిగిలింది. ఈ నూట ముప్పై డాలర్లనీ కాస్త గుర్తుపెట్టుకోండి. తరవాత మా ఇంట్లో దీన్ని చాలాసార్లు తలుచుకున్నాం.

"ఎవరో వద్దనుకున్నది మనకెందుకండీ?" అంది మా ఆవిడ.

ఇక్కడ నేను నోరు విప్పాను. వద్దనుకున్నవన్నీ చెడ్డవి కావు. ఒకడు కొని, రైఫిలు మీద స్కోపుని పట్టి ఉంచే రింగులు బిగించి, తన రైఫిలుకి ఎత్తు సరిపోలేదని తిప్పి పంపుతాడు. ఇంకొకటి దుకాణంలో బల్ల మీద వచ్చేపోయేవాళ్ళు చూడ్డానికి పెట్టింది. మరొకటి రంగు మీద గీత పడిందని పక్కన పెట్టింది. నిజంగా చెడిపోయి, లోపల భాగాలు మార్చి బాగుచేసినవీ వీటిలో ఉంటాయి. సంబంధం కుదరని పెళ్ళికొడుకులో లోపమే ఉండాలని ఏముంది, ఓ ఇంట్లో కాఫీ తాగి తిరిగొచ్చాడంతే. ఇంకా నమ్మకం కుదరకపోతే ల్యూపోల్డ్ కథ చూడు అన్నాను. స్కోపుల్లో పెద్ద పేరున్న ఆ కంపెనీ 1907లో ఓరెగాన్‌లో భూమి సర్వే పరికరాలు బాగుచేసే దుకాణంగా మొదలైంది. మొదటి రైఫిల్ స్కోపు 1947లో గానీ చెయ్యలేదు. అంటే అంతటి కంపెనీకి మూలం రిపేరు షాపే.

"అయితే వాళ్ళు బాగుచేసి పైకొచ్చారు. మీరు కొని పైకొస్తారా?" అంది.

స్కోపు వచ్చింది. పెట్టె తెల్ల అట్టది, బొమ్మా బొరుసూ ఏమీ లేవు. రీఫర్బిష్డ్ వస్తువులు ఎప్పుడూ ఇలా సాదా బట్టల్లోనే వస్తాయి. నేను టార్చిలైటు తెచ్చి కటకాన్ని ఏటవాలుగా పట్టుకుని గీతల కోసం, పూత అరుగుదల కోసం, లోపలి దుమ్ము కోసం వెతుకుతున్నాను. మా ఆవిడ ఒక్కసారి తిప్పి చూసి, "గొట్టం మీద చుట్టూ చారలున్నాయి" అంది. పాత రింగులు పట్టిన గుర్తులవి. రీఫర్బిష్డ్ స్కోపుల మీద తరచుగా కనబడే మచ్చ అదే. మన రింగు మళ్ళీ అక్కడికి దగ్గర్లోనే కూర్చుంటుంది కాబట్టి చాలావరకు కప్పబడిపోతుంది. దాన్ని చూసి భయపడక్కర్లేదు. భయపడాల్సింది కటకం లోపలివైపు మంచు పట్టినట్టు మసక కనిపిస్తే. గొట్టంలో గాలి తీసేసి నైట్రోజనో ఆర్గానో నింపి మూస్తారు. లోపల మసక పట్టిందంటే ఆ మూత ఎక్కడో వదిలిందని అర్థం. నాదాంట్లో మసక లేదు. మసకంతా నా కళ్ళద్దాల మీదే ఉందని మా ఆవిడ తన కొంగుతో తుడిచి చూపించింది.

అసలు పరీక్ష ఇంకోటుంది. స్కోపు పైనా పక్కనా రెండు మరలుంటాయి. తిప్పితే టిక్కు టిక్కుమంటాయి. ఒక్కో టిక్కుకి వంద గజాల దూరంలో గుండు తగిలే చోటు సుమారు పావు అంగుళం జరుగుతుంది. పాతిక గజాల దగ్గరైతే అందులో నాలుగో వంతే. అంటే అక్కడ ఒక అంగుళం జరగాలంటే పదహారు టిక్కులు తిప్పాలి. లోపలి యంత్రాంగం అరిగిపోయి ఉంటే పదహారు తిప్పినా పన్నెండే జరుగుతుంది, లేదా వెళ్ళింది వెనక్కి రాదు. కాబట్టి పైకి పదహారు, కుడికి పదహారు, కిందికి పదహారు, ఎడమకి పదహారు తిప్పాలి. స్కోపులో కనబడే గీతల కూడలి బయల్దేరిన చోటికే వచ్చి ఆగాలి. అలా రాని స్కోపు ఎంత చవగ్గా వచ్చినా దండగే.

దీనికి అంగుళం అంగుళం దూరంలో చుక్కలు పెట్టిన అట్ట కావాలి. అప్పుడు మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. చుక్కల ముగ్గులో ఆవిడకి ఎదురులేదు. స్కేలు ఇవ్వబోతే, "ముగ్గుకి స్కేలేమిటి బాబూ" అని కసిరి, అట్టమీద తొమ్మిది వరసలు తొమ్మిది చుక్కలు చకచకా పెట్టేశారు. నేను చాటుగా కొలిచాను. స్కేలు సిగ్గుపడింది.

మాది మూల స్థలం. పెరట్లో ఈ మూల నుంచి ఆ మూలకి పాతిక గజాలు వస్తుంది. అట్టని కంచెకి తగిలించి, డాబా మీద బల్ల వేసి, రెండు సోనామసూరి బియ్యం బస్తాల మధ్య స్కోపుని పడుకోబెట్టాను. అడ్డంగీత వంకర పోకుండా చూసుకోవడానికి దారానికి కుక్కరు వెయిటు కట్టి కంచెకి వేలాడదీశాను. వంటింట్లో పప్పు ఆగిపోయింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, కంచె మీదుగా తొంగిచూస్తున్న పక్కింటివాళ్ళకి చెయ్యి ఊపుతూ "పిట్టల్ని చూస్తున్నారు" అని నవ్వుతూ చెబుతోంది. పళ్ళు బిగించి నవ్వడం ఆవిడకి నా మూలంగానే అలవాటయింది.

పదహార్లు నాలుగూ తిప్పాను. కూడలి బయల్దేరిన చుక్కకి రాలేదు. ఒకటిన్నర చుక్క కిందికి దిగి కూర్చుంది. నా రక్తం మరిగింది. "మోసం" అన్నాను. "ఇదంతా పనికిరాని సరుకు" అన్నాను. కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాయడం మొదలుపెట్టి, వినియోగదారుడి హక్కుల గురించి రెండో పేరాలో ఉండగా అత్తగారు బల్ల దగ్గరికొచ్చారు. "బాబూ, ఎడం పక్క బస్తా కుంగినట్టుంది, చూసుకోండి" అన్నారు.

కుంగింది. మర్నాడు ఓ మిత్రుడి గారేజీలోంచి ఇనుప బెంచి వైస్ తెచ్చి, గుడ్డ చుట్టి అందులో బిగించాను. ఈసారి నాలుగు దిక్కులా తిరిగి బుద్ధిగా బయల్దేరిన చుక్క మీదికే వచ్చి ఆగింది. స్కోపు పాసయింది. ఉత్తరం చెరిపేశాను. బియ్యం ఆ రాత్రే అన్నమయ్యాయి.

ఇక లెక్కల సంగతి. స్కోపుని రైఫిలు మీద నిలబెట్టడానికి రింగులు 45 డాలర్లు. వాటి మరలని ఇష్టమొచ్చినట్టు బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది, వదులుగా వదిలేస్తే కాల్చినప్పుడల్లా జరుగుతుంది. రింగుల మీది మరలకి సాధారణంగా 15 నుంచి 18 అంగుళ పౌన్ల బిగువు చెబుతారు. ఆ బిగువు తెలిసే స్క్రూడ్రైవరు 60. కుక్కరు వెయిటు తిరిగి వంటింటికి వెళ్ళిపోయింది కాబట్టి చిన్న రసమట్టం 25. తొలిసారి గురి కుదర్చడానికి లేజరు పరికరం 40. మొత్తం నూట డెబ్భై. తూటాలూ, రేంజి రుసుమూ వేరే.

"అంటే నూట ముప్పై మిగల్చడానికి నూట డెబ్భై ఖర్చుపెట్టారు" అంది మా ఆవిడ.

"ఇవన్నీ కొత్త స్కోపుకైనా కొనాలి కదా. వీటిని రీఫర్బిష్డ్ ఖాతాలో రాయడం అన్యాయం" అన్నాను. ఇప్పటికీ అది సరైన వాదనేనని నా నమ్మకం.

"కొత్తదే దిక్కయితే మీరు అసలు కొనేవారే కాదుగా" అంది.

ఈ విషయం మీద నేను చదివిన వ్యాసాల్లో ఎక్కడా ఈ ముక్క లేదు. కటకాల గురించి రాశారు, పూతల గురించి రాశారు, వారంటీ గురించి రాశారు. తగ్గించిన ధరే అసలు ఖర్చుకి తలుపు తీస్తుందని ఎవరూ రాయలేదు. నాలుగొందలంటే వెనక్కి తగ్గేవాణ్ణి, రెండొందల డెబ్భై అనేసరికి నూట డెబ్భై కూడా కలుపుకుని ముందుకి దూకాను.

వస్తువు మాత్రం నిఖార్సయినది. దాన్ని తప్పుపట్టలేను. పెద్దాయన .22 మీద యాభై గజాల్లో చక్కగా పనిచేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన .308 రైఫిలు కూడా రుచి చూపించమని అడిగాను. స్కోపుకీ కంటికీ మధ్య మూడున్నర అంగుళాల ఖాళీ ఉండాలని ఆయన ముందే చెప్పాడు. .22కి తన్ను ఉండదు కాబట్టి ముక్కు ఆనించి చూసినా చెల్లిపోయింది. .308 అలా ఊరుకునే రకం కాదు. స్కోపు వెనక అంచు వచ్చి నా కనుబొమల మధ్య ముద్ర వేసి వెళ్ళింది. ఇక్కడి వేటగాళ్ళలో ఈ ముద్ర పడ్డవాళ్ళు చాలామంది ఉన్నారట. ఇంటికొచ్చేసరికి ఎర్రటి నెలవంక తీర్చిదిద్దినట్టు ఉంది. అత్తగారు భక్తిగా చూసి, "ఏ గుడికెళ్ళారు బాబూ?" అన్నారు. మా ఆవిడ దూది తెస్తూ, "గుడి కాదమ్మా, అర్ధచంద్ర ప్రయోగం. మెడ మీద చెయ్యాల్సింది, నుదుటి మీద చేశారు" అంది.

ఆ తరవాత స్కోపుని వదిలించుకునే ఉపాయం ఒకటి ఆవిడే ఆలోచించింది. గుంటూరులో మా బావమరిదికి ఎయిర్ రైఫిలుంది, అత్తగారి పెట్టెలో పెట్టి పంపేద్దామంది. రెండు అడ్డంకులొచ్చాయి. రైఫిల్ స్కోపుల ఎగుమతి మీద అమెరికా వాణిజ్య శాఖ నియంత్రణ ఉంది. ఆవకాయ జాడీకి చోటిచ్చినట్టు పెట్టెలో దీనికి చోటివ్వడం కుదరదు. రెండోది, స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిలు ముందు వెనక్కి తన్ని, వెంటనే ముందుకీ కుదుపుతుంది. ఆ రెండు వైపుల దెబ్బకి తట్టుకునేలా చెయ్యని స్కోపుల్లో పెద్దపెద్దవే కదిలిపోతాయి. చూడ్డానికి పిల్లల బొమ్మలా ఉండే తుపాకీ .308 చెయ్యలేని పని చేస్తుంది. అందుకే స్కోపు మా ఇంట్లోనే, అంటే మాకు లేని రైఫిలు మీద, పెద్దాయన ఇంట్లో ఉండిపోయింది.

"అసలు అంత అద్దమెందుకండీ?" అని మరో రోజు కొత్త కోణంలో మొదలెట్టింది. "మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చాడే, అతని రైఫిలుకి స్కోపుందా?" లేదు. ఒలింపిక్ రైఫిలు పోటీల్లో దగ్గర చేసి చూపించే స్కోపులు పెట్టుకోనివ్వరు. పది మీటర్ల పోటీలో నడిమి పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, చిన్న రంధ్రంలోంచి ఒట్టి కంటితో చూసి దాన్ని కొడతారు. ఇదంతా నాకు తెలుసు. ఆవిడకి తెలుసని తెలీదు. "అతనికి చిన్నప్పటినుంచీ సాధన ఉంది" అన్నాను. "సాధనకి రీఫర్బిష్డ్ దొరకదు మరి" అంది.

ఇంతకీ రీఫర్బిష్డ్ స్కోపు కొనొచ్చా అని ఎవరైనా నన్ను అడిగితే, నుదుటి మచ్చ సాక్షిగా కొనొచ్చనే అంటాను. తయారుచేసిన కంపెనీ గానీ, వాళ్ళు అధికారికంగా గుర్తించిన దుకాణం గానీ అమ్మాలి. వారంటీ ఎంతకాలమో కాగితం మీద ఉండాలి. ల్యూపోల్డ్, వోర్టెక్స్ లాంటి కంపెనీలు స్కోపు ఎన్ని చేతులు మారినా జీవితకాలం బాగుచేసిస్తామంటాయి. అలాంటి హామీ ఉన్నచోట పాతదీ కొత్తదీ ఒకటే. కొన్నిచోట్ల రీఫర్బిష్డ్ అనగానే జీవితకాలం కాస్తా కొన్ని నెలలకి కుదించుకుపోతుంది. అక్కడ తగ్గించిన ధర చూసి మురిసిపోకూడదు. నికాన్ లాంటి పెద్ద కంపెనీ కూడా 2020 నాటికి రైఫిల్ స్కోపుల తయారీలోంచే తప్పుకుంది, కనక రేపు బాగుచేసేదెవరో ఇవాళే అడిగి తెలుసుకోవాలి. తిప్పి పంపే గడువు లోపల చుక్కల పరీక్ష పెట్టాలి, బియ్యం బస్తాలు వాడకూడదు. కొత్తగానే డెబ్భై డాలర్లకి దొరికే నాసిరకం స్కోపుని రీఫర్బిష్డ్‌లో యాభైకి కొనడం కన్నా, ఆ డబ్బుకి గోంగూర కొనుక్కోవడం మేలు. ఓ మెట్టు పైనున్న మంచి స్కోపుని అందుబాటు ధరకి దింపినప్పుడే రీఫర్బిష్డ్‌కి అర్థం.

ఇవన్నీ అత్తగారి సమక్షంలో ఓ రోజు భోజనాల దగ్గర సాధికారంగా చెప్పి, "మొత్తానికి నూట ముప్పై డాలర్లు ఆదా" అని ముగించాను. మా ఆవిడ చెయ్యి చాపింది.

"ఏవి?"

"ఏవేంటి?"

"ఆదా అయిన నూట ముప్పై. అయితే ఎక్కడో ఉండాలిగా. ఇలా పెట్టండి."

అత్తగారు మజ్జిగ పోస్తూ నా వైపే చూస్తున్నారు. పర్సు తియ్యక తప్పలేదు. అది మా ఇంట్లో చట్టమయింది. నేను ఏ రీఫర్బిష్డ్ వస్తువు కొన్నా, కొత్తదాని ధరకీ దానికీ మధ్య తేడా అదే రోజు ఆవిడ ఖాతాలో పడాలి. దీని ఫలితంగా నేను కొనేదల్లా పూర్తి ధరకే కొంటున్నాను, వచ్చేది మాత్రం తెల్ల అట్టపెట్టెలో వస్తోంది. దుకాణానికి లాభమే, మా ఆవిడకీ లాభమే. నాకేమిటని లోతుగా ఆలోచించడం మానేశాను.

ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇదివరకు నేను ఫోనులో తగ్గింపు ధరలు చూస్తుంటే దీపాలార్పేసేది. ఇప్పుడు తనే చూసి నాకు పంపుతోంది. నిన్న, వంద గజాల దూరంలోని కాగితం మీద చిల్లులు పడ్డాయో లేదో చూసుకోవడానికి వాడే స్పాటింగ్ స్కోపు ఒకటి పంపింది. రీఫర్బిష్డ్‌ట. కొత్తదాని కన్నా మూడొందల డాలర్లు తక్కువ.

"ఆ చిల్లులు కనబడక ఇబ్బందిపడుతున్నారుగా" అని కింద ప్రేమగా రాసింది. "తీసుకోండి, ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు."